రెండు సగాల తాడు

తాళ్ళ సందు, ఇంటి నుంచి
ఎండలు ముదరకముందు

మరదలు పిచ్చుకకు వదిన రాసేది.

అందరం బాగున్నామని మొదట రాయడం పద్ధతి కాబట్టి రాస్తున్నాను. మీ అన్నయ్యకు కాలు బెణికింది. తాళ్ళు పేనే చక్రం దగ్గర నిలబడలేకపోతున్నాడు. కంగారు పడకు, మంచం మీద నుంచి నన్ను తిట్టే ఓపిక బాగానే ఉంది.

పెద్ద రేవు పడవవాడు వచ్చాడు. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు కట్టిన తాడు పట్టుకుని లాక్కుంటూ పడవను దాటిస్తాడు కదా, ఇప్పుడున్నది ప్లాస్టిక్ తాడు. తడిస్తే జారుతోందట, గట్టిగా పట్టుకుంటే అరచేతులు కాలుతున్నాయట. రెండు చేతులూ చాపి చూపించాడు. చూడలేకపోయాను. "మీ మామగారు పేనిన తాడు మా నాన్న చేతిలో ఎప్పుడూ జారలేదు. నాకూ అదే కావాలి" అన్నాడు. ఏరు పొంగేలోపు కట్టాలి.

మన సందుకు అడ్డంగా గోడ లేచాక నడవడానికి సగమే మిగిలిందని నీకు తెలుసు. అందుకని తాడును రెండు సగాలుగా పేని రేవులో కలుపుకునేలా మీ అన్నయ్య అతన్ని ఒప్పించాడు. మొదటి సగం మేమిద్దరం పేనాం. పడవవాడు పట్టుకుపోయాడు కూడా. రెండో సగం మొదలుపెట్టబోతుంటే ఈ కాలు.

ఒక్కదాన్ని పేనలేను. ఒకరు చక్రం తిప్పాలి, ఒకరు నడుముకు నార చుట్టుకుని వెనక్కి నడవాలి. సందులో చక్రం తిప్పగలిగిన వాళ్ళందరూ ఫ్యాక్టరీల్లో చేరిపోయారు. బయటి మనిషిని పిలిస్తే మీ అన్నయ్య లేవలేడన్న మాట సాయంత్రానికి రేవు చేరుతుంది, పడవవాడు మళ్ళీ ప్లాస్టిక్ కొట్టుకు పోతాడు. నువ్వు పనిచేసే చాపల షెడ్డు పొడుగ్గా ఉంటుందనీ, మూలన పాత చక్రం పడి ఉందనీ ఒకసారి రాశావు. నార నేను దువ్వి పంపుతాను. రెండో సగం నువ్వు పేనగలవా?

స్థలం యజమాని నిన్న వచ్చి వెళ్ళాడు. "ఈ తాడు నిలబడి మిగతా రేవుల వాళ్ళు కూడా మీ దగ్గరికి వస్తే సందు మీకే ఉంచుతాను. లేదంటే గోడౌను కట్టుకుంటాను" అన్నాడు. ఉన్నమాట చెప్పాడు. మనకు మిగిలింది ఈ ఒక్క తాడే.

నార, ఉత్తరాలు లారీ డ్రైవరు తెస్తాడు. వాడు పడవవాడి బావమరిది. వాడి నోట్లో నువ్వుగింజ నానదు. అందుకే కవరు రెండుసార్లు అతికించాను. నువ్వూ అలాగే చెయ్యి.

వదిన


చాపల షెడ్డు నుంచి

వదినకు,

కవరు చింపడానికి కత్తిపీట కావాల్సి వచ్చింది. లోపల ఏ నగలో పంపావనుకున్నాను.

పేనుతాను. మేస్త్రీని అడిగాను. సెలవు రోజుల్లో షెడ్డు వాడుకోమన్నాడు, కాకపోతే తలుపులు మూసుకుని చేసుకోవాలట. దుమ్ము బయటికి పోతే పక్కవాళ్ళు గొడవ చేస్తున్నారు. చక్రం ఇరుసుకు తుప్పు పట్టింది, నూనె పోసి కదిలించాను. వెనక్కి నడవడానికి మగ్గం దగ్గర పనిచేసే పొడుగామె వస్తానంది. ఒక అంగ వేస్తే మనం రెండు వేసినట్టు. నాకు కొంచెం దగ్గుగా ఉంది. నారపని చేసేవాళ్ళకు దగ్గు లేకపోతేనే వింత.

ఒక్క విషయం తేలడం లేదు. చక్రం ఎటు తిప్పాలి? చక్రం వెనక నిలబడ్డప్పుడు, పిడి పైకి వచ్చాక కుడి పక్కకు దిగాలా, ఎడమ పక్కకు దిగాలా? నవ్వకు. చెయ్యి కుడికి పోతోంది. కానీ ఇక్కడ ఇన్నేళ్ళుగా రోజంతా నూలు చుట్టే యంత్రం తిప్పుతున్నాను, అదీ కుడికే తిరుగుతుంది. నా చెయ్యి నాన్న నేర్పింది చెబుతోందో, యంత్రం నేర్పింది చెబుతోందో నాకే తెలియడం లేదు. చూసుకుందామంటే మన తాడు ముక్క ఒక్కటి లేదు. తాళ్ళు పేనే ఇంట పుట్టి బట్టలు ప్లాస్టిక్ తాడు మీద ఆరేస్తున్నాను. వీలైతే మొదటి సగం నుంచి ఒక ముక్క పంపు. లేదా అన్నను అడుగు. నేను పెళ్ళయ్యేదాకా చక్రం దగ్గరే ఉన్నాను, నువ్వు వచ్చిన రోజు నుంచి నడిచే చివరే చూశావు. రెండు చివర్లా పనిచేసింది అన్న ఒక్కడే. ఆయన నోటితో ఏం చెబితే అదే చేస్తాను.

కాలు బెణికితే ఇన్ని రోజులా? ఒకసారి వచ్చి చూసిపోనా?

పిచ్చుక


ఇంటి నుంచి

పిచ్చుకకు,

రావద్దు. వస్తే పని ఆగుతుంది, ఏరు ఆగదు. పైగా నిన్ను చూస్తే మీ అన్నయ్య మంచం దిగి కుంటుకుంటూ చక్రం దగ్గరికి పోతాడు, ఉన్న కాలూ పోతుంది.

ముక్క పంపడానికి మొదటి సగం రేవులో ఉంది. కొలిచి తీసుకున్నవాణ్ణి ఒక మూర కోసివ్వమని అడిగితే ఏమనుకుంటాడు? ఇంట్లో వెతికాను. అమ్మింది అమ్మగా మిగిలింది పొయ్యిలోకి పోయింది. నార కట్టలు కూడా పేనని నారతోనే కట్టి పంపుతున్నాను.

నీ ప్రశ్న మీ అన్నయ్యకు చెప్పాను. నవ్వాడు. "దానికి తల మీద జుట్టు ఉన్నంత దట్టంగా లోపల బుర్ర ఉంటే ఇలా అడగదు. ఎడమకు. నాన్న ఎడమకే తిప్పాడు, నేను ఎడమకే తిప్పాను, పిచ్చుక కూడా ఎడమకే తిప్పింది. యంత్రం పక్కన కూర్చుని మనిషి మాట మరిచిపోయింది" అన్నాడు.

కాబట్టి ఎడమకు. నార ముందు తడిపి, పిండి, నీడలో ఆరనిచ్చి పేను. మూడు పేటలూ ఒకే బిగువులో ఉండాలి.

వదిన


చాపల షెడ్డు నుంచి

వదినకు,

అన్న తిట్టు చదివి చాలా రోజుల తర్వాత నవ్వాను. పొడుగామెకు కూడా చదివి వినిపించాను. "మీ అన్నకి మీరంటే ఇంత ఇష్టమా" అంది. తిడితే ఇష్టమని ఎలా తెలిసిందని అడిగాను. "మా ఇంట్లో నన్ను ఎవరూ తిట్టరు, అసలు నాతో మాట్లాడరు" అంది. ఇద్దరం పనిలో పడ్డాం.

మొదటి రోజు చెయ్యి మొరాయించింది. నాలుగు చుట్లు ఎడమకు తిప్పి, ఆలోచన ఎటో పోయేసరికి చక్రం కుడికి తిరుగుతుండేది. పొడుగామె అటు చివర నుంచి అరిచేది, నూలు విడిపోతోందని. ఆ నూలు తీసేసి మళ్ళీ మొదలుపెట్టాను. "అన్న చెప్పాడు, అన్న చెప్పాడు" అని మనసులో అనుకుంటూ తిప్పితే కుదిరింది. ఇప్పుడు చెయ్యి అలవాటు పడింది.

నీ దువ్వెన పని గురించి ఒక మాట. ఇంత శుభ్రంగా దువ్విన నార ఈ షెడ్డులో ఎవరూ చూడలేదు. మేస్త్రీ చేతిలోకి తీసుకుని చెంపకు ఆనించుకున్నాడు. తడిపి ఆరబెట్టాక మళ్ళీ దువ్వి పేనుతుంటే తలుపులు మూసి ఉండడం వల్ల దుమ్ము లేచి ఎదురుగా ఉన్న మనిషి కనిపించదు. మూతికి గుడ్డ కట్టుకుంటున్నాను.

అన్నను ఒక్క వాక్యం రాయమను. వంకర అక్షరాలైనా పర్వాలేదు.

పిచ్చుక


ఇంటి నుంచి

పిచ్చుకకు,

మీ అన్నయ్య అక్షరాల సంగతి నీకు తెలియనిదా. సంతకం పెట్టమంటేనే ముందు టీ అడిగే మనిషి. నేను రాస్తున్నాను కదా, అదీ ఇదీ ఒకటే.

లారీ డ్రైవరు నార కట్ట తీసుకోవడానికి వచ్చి గుమ్మంలోంచి మెడ సాచాడు.

"బాబాయి ఏడి?"

"పడుకున్నాడు."

"ఎప్పుడొచ్చినా పడుకునే ఉంటాడేం?"

"నీలాగా స్టీరింగు పట్టుకుని పడుకోవడం ఆయనకు రాదు."

నవ్వాడు గానీ చూపు లోపలే ఉంది. ఇదే ఆఖరి కట్ట. ఇక వాడు ఇటు రానవసరం లేదు. తాడు పూర్తయ్యాక నేరుగా రేవుకు పంపు. నేను రేవుకు వెళ్ళలేను. రెండు సగాలూ ఒక ఇనుప కడియానికి చెరో పక్కా కట్టుకోమని పడవవాడికి చెప్పి పంపాను, సరేనన్నాడు.

దుమ్ములో ఎక్కువసేపు ఉండకు.

వదిన


చాపల షెడ్డు నుంచి
మబ్బులు పడుతున్నాయి

వదినకు,

అయిపోయింది. నిన్న లారీ ఎక్కించాను. కొసలు రెండూ విడిపోకుండా సన్నదారంతో నేనే బిగించి కట్టాను. పొడుగామె తాడు మీద చెయ్యి వేసి ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచింది, ఎక్కడా గరుకు తగల్లేదంది. షెడ్డు దూలానికి వేసి ఇద్దరం వేలాడాం. మేస్త్రీ వచ్చి, "కోతులు ఎన్ని రకాలో" అన్నాడు. "తాడు మాత్రం రాయిలా ఉంది" అని కూడా అన్నాడు.

నాన్న పోయాక నేను తాడు పేనడం ఇదే మొదటిసారి. అన్నకు చెప్పు, ఎడమకే తిప్పానని. మిగతా రేవుల వాళ్ళు వస్తే రెండో సగాలన్నీ నాకే ఇవ్వండి. చాపల పని వదిలేస్తాను.

కట్టిన రోజే రాయి.

పిచ్చుక


ఇంటి నుంచి
వర్షాలు మొదలయ్యాక

పిచ్చుకకు,

కట్టిన రోజే రాయమన్నావు. రాయలేకపోయాను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, పూర్తిగా చదువు.

తాడు కట్టారు. మొదటిసారి పడవ ఖాళీగా దాటింది, బాగానే ఉంది. రెండోసారి జనం ఎక్కారు. ఏటి మధ్యకు వచ్చేసరికి తాళ్ళను కలిపిన కడియం తిరగడం మొదలుపెట్టింది. ఎవరూ ముట్టుకోకుండానే తిరుగుతుంటే పడవలో పిల్లలు నవ్వారట. పడవవాడికి ముందు అర్థం కాలేదు. కడియం తిరిగినకొద్దీ దానికి అటూ ఇటూ తాడు మెత్తబడింది. పేటలు విడిపోయి నోళ్ళు తెరిచాయి. పడవ ప్రవాహానికి లాగింది. అతను పట్టు బిగించాడు, తెరుచుకున్న పేటల మధ్యకు వేళ్ళు దూరాయి, తాడు మళ్ళీ బిగిసింది. రెండు వేళ్ళు పోయాయి. పడవ ఇసుక మేటకు తగిలి ఆగింది. మిగతావాళ్ళు క్షేమం.

అతను నన్ను తిట్టలేదు. చేతికి కట్టుతో వచ్చి, "తెగలేదమ్మా, విప్పుకుపోయింది" అన్నాడు. కడియానికి అటూ ఇటూ ఉన్న ముక్కలు కోసి తెచ్చి గుమ్మంలో పెట్టాడు.

రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి చూశాను. మా సగంలో పేటలు ఒక వైపుకు వాలి ఉన్నాయి, నీ సగంలో దానికి ఎదురు వైపుకు. అద్దంలో చూసినట్టు ఉన్నాయి. అలాంటి రెంటిని కలిపి లాగితే ఒకదాన్ని ఒకటి విప్పేస్తాయి. ఒక్కోటిగా చూస్తే రెండూ మంచి తాళ్ళే. నీ పనిలో ఏ లోపం లేదు. చెప్పినట్టే పేనావు.

చెప్పింది మీ అన్నయ్య కాదు.

కాలు బెణకలేదు. మొదటి సగం పడవవాడికి ఇచ్చిన మూడో రోజు చక్రం దగ్గరే పడిపోయాడు. పక్షవాతం. ఒక పక్క మొత్తం పోయింది, మాట పడిపోయింది. అప్పటి నుంచి ఒక్క మాట లేదు. మనుషుల్ని గుర్తుపడుతున్నాడో లేదో డాక్టరు కూడా చెప్పలేకపోయాడు. నీ ప్రశ్న చదివి వినిపించాను, అది నిజం. ఆయన గోడ వైపు చూస్తున్నాడు, అదీ నిజం. తిట్లు నేను రాశాను. "ఎడమకు" అన్నది కూడా నేనే.

కావాలని తప్పు చెప్పలేదు. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆ చక్రానికి ఎదురుగా నిలబడి వెనక్కి నడిచాను. అక్కణ్ణుంచి చూస్తే పిడి ఎడమకే దిగుతుంది. నా కళ్ళతో ప్రతిరోజూ చూసింది అదే. చక్రం వెనక నిలబడ్డవాడికి అది కుడి అవుతుందని నాకు తట్టలేదు. నా చేతితో ఒక్కసారి తిప్పి ఉంటే తట్టేది.

నీ చెయ్యి చెప్పిందే సరైనది.

వదిన


చాపల షెడ్డు నుంచి

వదినా,

ఇక నాకు ఏమీ రాయకు.


ఇంటి నుంచి

పిచ్చుకకు,

రాయొద్దన్నావు. ఇది సమాధానం కోసం కాదు, తెలియాల్సినవి కొన్ని ఉన్నాయి.

సందు పోయింది. యజమాని మనుషులు వచ్చి నూలు ఆనించే గుంజలు పీకేశారు. చక్రం ఇంట్లోకి తెద్దామంటే గుమ్మంలో పట్టలేదు, ఇనుము వేరుగా, కొయ్య వేరుగా పట్టుకుపోయారు. మిగతా రేవుల వాళ్ళు రారని వేరే చెప్పనక్కర్లేదు. పడవవాడు ఎడమ చేత్తో లాగడం నేర్చుకుంటున్నాడు, ప్లాస్టిక్ తాడే.

నేను ఆ ప్లాస్టిక్ తాళ్ళ కొట్లోనే చేరాను. అడిగిన పొడుగుకు తాడు కోసి ఇవ్వడం పని. ఇక్కడ కొసలు కట్టరు, దీపం మీద కాలుస్తారు. కరిగి ముద్దవుతాయి. మొదటి రోజు నేను దారం వెతుకుతుంటే కొట్టతను, "ఏం పోగొట్టుకున్నారమ్మా" అన్నాడు.

మీ అన్నయ్యను పక్కింటామెకు అప్పగించి వెళ్తున్నాను. మధ్యాహ్నం ఒకసారి వచ్చి అటు నుంచి ఇటు తిప్పి పడుకోబెట్టి పోతాను. నువ్వు చూడాలనుకుంటే త్వరగా రా. ఆపడానికి ఇప్పుడు నా దగ్గర కారణం లేదు.

వదిన


ఆస్పత్రి, ఆడవాళ్ళ వార్డు నుంచి

వదినకు,

ఇది పొడుగామె చేత రాయిస్తున్నాను. నేను చెబుతుంటే ఆమె రాస్తోంది. అక్షరాలు మారాయని కంగారు పడకు.

రాలేను. మంచం నుంచి తలుపుదాకా నడిస్తే ఊపిరి అందడం లేదు. నార దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందట. ఇన్నేళ్ళుగా ఉన్నదేనట, మూసిన షెడ్డులో ఆ నెలల పని దాన్ని ముందుకు తోసింది. ముక్కుకు గొట్టం పెట్టారు. ఇది బాగయ్యేది కాదని డాక్టరు నాకు చెప్పలేదు, ఈమెకు చెప్పాడు. ఈమెకు అబద్ధం ఆడడం రాదు. మొహం చూసి అడిగితే చెప్పేసింది. ఇదంతా ఆమె చేతే రాయిస్తున్నానని ఏడుస్తోంది. ఆపి, మళ్ళీ రాయమన్నాను.

నీ మీద కోపం చాలా రోజులు ఉంది. తాడు గురించి కాదు. చక్రం ఎటు తిరుగుతుందో తప్పు చూడడం ఎవరికైనా జరుగుతుంది. నువ్వు నిలబడ్డ చోట నేను నిలబడి ఉంటే నేనూ ఎడమ అనేదాన్నే. అన్న పడిపోయిన రోజున నాకు చెప్పి ఉంటే వచ్చేదాన్ని. ఆ రోజుల్లో నడవగలిగేదాన్ని. అందుకు కోపం.

పడుకుని నీ ఉత్తరాలు మళ్ళీ చదివించుకున్నాను. నిజం తెలిశాక కూడా ఆ తిట్లు అన్నవే అనిపిస్తున్నాయి. తల మీద జుట్టు ఉన్నంత దట్టంగా లోపల బుర్ర లేదన్నావు చూడు, అది ఆయన ఎప్పుడైనా అన్నాడా? నాకు గుర్తు లేదు. కానీ ఆయన గొంతులోనే వినిపిస్తోంది. కుడికి పోతున్న నా చేత చక్రం ఎడమకు తిప్పించింది ఆ గొంతే. ఇక్కడ ఊపిరి అందనప్పుడు వినిపించేది కూడా అదే.

ఈ ఉత్తరం అన్నకు చదివి వినిపించు. పూర్తిగా, ఏమీ తగ్గించకుండా. తర్వాత ఏమన్నాడో నాకు రాయి. ఆయనకు మాట లేదని నాకు తెలుసు. తెలిసే అడుగుతున్నాను. ఇంతకుముందు రాసినట్టే రాయి.

పిచ్చుక


ఇంటి నుంచి

పిచ్చుకకు,

నీ ఉత్తరం కొట్టుకు వచ్చింది. చదివి, మిగిలిన పూట పనికి సెలవు అడిగి ఇంటికి వచ్చాను.

వస్తూ దారిలో నాలుగైదు మాటలు అనుకున్నాను. ఆయన అనగలిగినవే. ఇన్నేళ్ళు కాపురం చేసినదాన్ని, ఏ మాటకు ఏమంటాడో నాకు తెలియనిది కాదు. రెండు బాగానే కుదిరాయి, ఒకటి నిన్ను నవ్వించేది కూడా. కాగితం తీసి కూర్చున్నాను. నాకు బాగా తెలుసనుకున్నది క్రితంసారి ఏం చేసిందో గుర్తొచ్చింది. ఆ మాటలు రాయలేదు.

మంచం పక్కన స్టూలు వేసుకుని నీ ఉత్తరం మొదటి అక్షరం నుంచి చివరిదాకా గట్టిగా చదివాను. గొట్టం సంగతి, డాక్టరు సంగతి తగ్గించలేదు. నీ పేరు వచ్చిన చోట ఆగి, మళ్ళీ చదివాను. వినిపించలేదేమోనని ఇటు పక్కకు వచ్చి కూర్చుని రెండోసారి చదివాను. కళ్ళు తెరిచే ఉన్నాయి. నా వైపే ఉన్నాయి.

ఏమీ అనలేదు.

వదిన